లాటిన్‌లో "లెక్కకు సంబంధించిన" అనడానికి విశేషణం ఏది?

కల్కులారియుస్. మూలం కల్కులుస్, అంటే గులకరాయి. రోమన్లు లెక్కల పలక మీద గులకరాళ్లు జరుపుతూ కూడికలు చేసేవారు కాబట్టి ఆ మాటకే లెక్క అన్న అర్థం కూడా వచ్చింది. విశేషణం నామవాచకపు లింగాన్ని బట్టి మారుతుంది: పుంలింగంలో కల్కులారియుస్, స్త్రీలింగంలో కల్కులారియా, నపుంసకంలో కల్కులారియుం.

ఇది అరుదైన మాట. కథలూ కావ్యాల్లో వెతక్కండి, దీని చోటు న్యాయశాస్త్రం. అక్కడ "ఎర్రోర్" పక్కన చేరి "లెక్కలో దొర్లిన తప్పు" అవుతుంది. "ఎర్రోర్ కల్కులి" అన్నా అదే అర్థం, నిజానికి అదే ఎక్కువ ప్రసిద్ధం.

ఈ తప్పు గురించి రోమన్ న్యాయం చెప్పింది నాకెంతో నచ్చుతుంది. జస్టీనియన్ చక్రవర్తి 533లో వెలువరించిన డైజెస్ట్ అనే న్యాయ సంకలనంలో మాకెర్ అనే న్యాయవేత్త ఉదాహరణ ఉంది. టిటియుస్ అనే అతను ఒక పద్దు కింద 50, మరో పద్దు కింద 25 బాకీ అని తేల్చి, న్యాయమూర్తి "కాబట్టి 100 చెల్లించు" అన్నాడనుకోండి. దానికి అప్పీలు అక్కర్లేదు, అప్పీలు లేకుండానే సరిదిద్దవచ్చు. బాకీ ఎంతో తీర్పులోనే తేలిపోయింది, తప్పింది కూడిక మాత్రమే!

మన 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 152 కూడా తీర్పుల్లోని ఇలాంటి అంకెల తప్పుల్ని కోర్టే ఎప్పుడైనా సవరించవచ్చంటుంది.