తిమిష్వారాలో విప్లవ మ్యూజియం చూడదగ్గదేనా?

ఆఫీసు పని మీద బెంగళూరు నుంచి రొమేనియాలోని తిమిష్వారా వెళ్తున్నాను, శనివారం ఒక్కటే ఖాళీ, అక్కడి 1989 విప్లవ మ్యూజియానికి సగం రోజు పెట్టొచ్చా అని అడిగారు. పెట్టండి. కాకపోతే పెద్ద బిల్డింగు, టచ్ స్క్రీన్లు ఊహించుకుంటే మాత్రం ఉసూరుమంటారు. నేను చూసినప్పుడు అది పాత మిలిటరీ భవనం. కొన్ని గదులు, గోడల నిండా ఫోటోలు, పాత పేపర్లు, యూనిఫారాలు, మధ్యలో చిల్లున్న జెండాలు, అంతే. ఆ చిల్లు తూటా వల్ల పడింది కాదు, జెండాలోని కమ్యూనిస్టు ప్రభుత్వ చిహ్నాన్ని జనం కత్తిరించి పారేసి మిగిలిన గుడ్డతోనే రోడ్డెక్కారు.

లోపలికి వెళ్లగానే ముందు డాక్యుమెంటరీ వేయమనండి, ఇంగ్లిష్‌లో ఉంది. అది చూడకుండా గదులు తిరిగితే ఏ ఫోటో ఏ రోజుదో అంతుపట్టదు. నన్ను కూర్చోబెట్టింది ఏమిటంటే, ఇంత పెద్ద వ్యవహారం ఒక ఇల్లు ఖాళీ చేయించే గొడవతో మొదలవడం. లాస్లో టోకేష్ అనే, అక్కడి హంగేరియన్ మైనారిటీకి చెందిన పాస్టర్‌ని ఊరు దాటించాలని చూస్తే ఆయన చర్చివాళ్లు ఇంటి చుట్టూ నిలబడ్డారు. డిసెంబర్ 16కి రొమేనియన్లూ వచ్చి కలిశారు, ట్రాములు ఆపేశారు, ఇక పాస్టర్ సంగతి పక్కకి పోయి దేశాన్నేలే కమ్యూనిస్టు నియంత చౌషెస్కు దిగిపోవాలనే దాకా వెళ్లింది. వెళ్లదా మరి, విదేశీ అప్పు తీర్చాలని తిండి ఎగుమతి చేసేసి, సొంత జనానికి రొట్టెకి కూడా రేషన్ పెట్టి, ఆ చలిలో ఇళ్లకు హీటింగ్ తగ్గించేస్తే!

17న సైన్యం కాల్పులు జరిపింది. ఆ తర్వాత నలభైకి పైగా శవాలను ఆసుపత్రి మార్చురీ నుంచి రహస్యంగా బుకారెస్ట్ తీసుకెళ్లి కాల్చేసి, బూడిదని మురుగుకాలవలో పోశారు, ఆనవాలు దొరక్కూడదని. ఈ సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 20కల్లా ఫ్యాక్టరీల నుంచి కార్మికులు వేలల్లో రావడంతో సైన్యం వెనక్కి తగ్గింది, తిమిష్వారా స్వేచ్ఛా నగరమని ప్రకటించుకుంది. మిగతాది మీకు తెలిసే ఉంటుంది, 22న చౌషెస్కు హెలికాప్టర్‌లో పారిపోవడం, 25న భార్యతో సహా కాల్చి చంపడం.

అక్కడి మా టీమ్‌లో ఒకావిడకి అప్పుడు పదేళ్లట. కిటికీ దగ్గరికి పోవద్దని వాళ్లమ్మ బాత్‌టబ్‌లో దుప్పటి పరిచి పడుకోబెట్టిందని లంచ్ టైమ్‌లో మామూలుగా చెప్పేసింది. మీ ఆఫీసులోనూ ఆ వయసు వాళ్లుంటే వీలు చూసుకుని అడగండి, మ్యూజియంలో లేనివి వాళ్ల దగ్గర వినొచ్చు.

మ్యూజియం అయ్యాక విక్టరీ స్క్వేర్‌కి వెళ్లండి, ముందు కాదు. ముందే వెళ్తే అదొక అందమైన సెంటర్, కాఫీ షాపులు, అంతే. తర్వాత వెళ్తే పై అంతస్తుల గోడల్లో తూటాల గుర్తులు వెతుక్కుంటారు, 18న కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లని కాల్చింది ఈ కెథడ్రల్ మెట్ల మీదే కదా అని గుర్తొస్తుంది. డిసెంబర్‌లోనైతే చలికి మంచి జాకెట్ ఉండాలి, మన బెంగళూరు స్వెటర్ పనికిరాదు.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ. బయల్దేరేలోపు ఒకసారి మన ఫ్రీడమ్ పార్క్ చూడండి. ఎమర్జెన్సీలో అది సెంట్రల్ జైలు, వాజ్‌పేయి, అద్వానీలను పెట్టింది అక్కడే. మన తెలుగు కవి పట్టాభి గారి భార్య, నటి స్నేహలతారెడ్డిని విచారణ లేకుండా నెలల తరబడి ఉంచింది కూడా అక్కడే. ఆవిడకి ఆస్తమా. 1977 జనవరిలో పెరోల్ మీద వదిలిన కొద్ది రోజులకే పోయారు. ఇప్పుడు ఊళ్లో ధర్నా చేయాలన్నా అక్కడే చేయాలి, ఇదో విచిత్రం. మెజెస్టిక్‌లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. సెలవు రోజు చూసుకుని వెళ్లండి, వారం మధ్యలో మైకుల హోరులో ఏదీ తీరిగ్గా చూడలేరు.