నులిపురుగుల మందు మీద పీహెచ్‌డీ చేస్తానంటున్న మా మేనకోడలికి

పాపా,

నీ సినాప్సిస్ మొత్తం చదివాను. శేషాచలం చెట్ల సారాలతో నులిపురుగులకు కొత్త మందు కనిపెట్టాలని రాశావు, సంతోషం. మీ అమ్మ ఫోన్ చేసి "నీ మాటే వింటుంది, కాస్త చెప్పన్నా" అంది కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నా, అలగొద్దు.

ముందు ఆ వానపాముల పరీక్ష తీసేయ్. ఫార్మసీ కాలేజీల్లో ఇదొక జబ్బు అయిపోయింది. చెట్టు ఆకు ఎండబెట్టడం, మిథనాల్‌లో నానబెట్టడం, ఆ సారంలో వానపామును వేసి ఎన్ని నిమిషాలకు కదలడం మానింది, ఎన్ని నిమిషాలకు చచ్చింది అని గ్రాఫు గీసి పేపరు వేసుకోవడం. వానపాము పొడుగ్గా ఉంటుంది, మెలికలు తిరుగుతుంది, అంతకుమించి ఏలికపాముతో దానికి చుట్టరికం ఏమీ లేదు. అది తడిమట్టిలో చర్మంతో గాలి పీల్చుకుని బతికే ప్రాణి, నీ సారంలో కాస్త టానిన్ ఎక్కువున్నా, నురగొచ్చే సాపోనిన్ ఉన్నా చర్మం పాడై చస్తుంది. నులిపురుగుకు పైన క్యూటికల్ అని గట్టి తొడుగుంటుంది, దాన్ని దాటి లోపలికి పోవడమే మందుకు సగం పని. వానపాము చావడమే లెక్కయితే మన దేశంలో ఈపాటికి కొన్ని వందల నట్టల మందులు షాపుల్లో ఉండాలి.

రెండోది మోతాదు. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల దగ్గర నట్ట గుడ్లలోంచి పిల్లలు రావడం ఆగితే మందు పనిచేసినట్టే అని రాశావు. గొర్రె నట్టల గుడ్ల పరీక్షలో థయాబెండజోల్ అనే పాత నట్టల మందుకు వాడే గీటురాయి మోతాదు ఎంతో తెలుసా? మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము. అంటే నీది లక్ష రెట్లు ఎక్కువ. గొర్రె మొదటి పొట్టలో అయిదు లీటర్లే ఉందనుకున్నా, నీ లెక్క ప్రకారం ఒక్కో గొర్రెకు 50 గ్రాముల సారం తాగించాలి, దానికి ఎన్ని కిలోల ఆకు కావాలో నువ్వే వేసుకో. అంత తాగాక పురుగు సంగతి తర్వాత, ముందు గొర్రె ఏమవుతుందో చూడాలి. సారం దగ్గరే ఆగిపోకుండా దాన్ని విడగొట్టి, అందులో ఏ అణువు పనిచేస్తోందో పట్టుకుని, అది మైక్రోగ్రాముల్లో పనిచేస్తేనే ముందుకు పో. లేకపోతే అక్కడితో వదిలెయ్యి.

మరి దేని మీద చెయ్యాలి అంటావు. హీమాంకస్ మీద చెయ్యి, గొర్రె నాలుగో పొట్టలో రక్తం తాగి బతికే నులిపురుగు అది. చిత్తూరు, పుంగనూరు, మదనపల్లె ఎటుపోయినా గొర్రెల కాపరిని అడిగితే చెబుతాడు, వానలు పడ్డాక గొర్రె పాలిపోయి దవడ కింద నీరు దిగితే నట్టలు పడ్డాయంటారు, అందులో పెద్ద వాటా దీనిదే. తెల్లవారుజామున కబేళాకు పోయి గొర్రె నాలుగో పొట్ట అడిగి తెచ్చుకుని చీల్చి చూడు, రక్తం తాగి ఎర్రబడ్డ పురుగు పేగు చుట్టూ తెల్లటి అండాశయం మెలి తిరిగి కనిపిస్తుంది, ఆడపురుగును ఒకసారి చూస్తే ఇక మర్చిపోవు. ఒక్కొక్కటి రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది కాబట్టి నీకు సరుకు కొరత రాదు. పెంటికలు నలిపి, తడి ఆరిపోకుండా 25-27 డిగ్రీల్లో వారం ఉంచితే మూడో దశ పిల్లలు తయారవుతాయి. వాటిని ఫ్రిజ్‌లో నెలల తరబడి దాచుకోవచ్చు.

ఇక్కడే జాగ్రత్త. ఆ మూడో దశ పిల్ల పాత తొడుగు వదలకుండా తిరుగుతుంటుంది, ఏమీ తినదు. పురుగు మింగితేనే పనిచేసే మందైతే దీని మీద ఏమీ కనబడదు. పలచటి సోడియం హైపోక్లోరైట్‌తో తొడుగు విప్పించి అప్పుడు పరీక్ష పెట్టాలి. ఇంకొకటి, ఫ్రిజ్‌లోంచి తీసిన పిల్లలు చలికి ముడుచుకుని కదలకుండా పడుంటాయి, వాటిని చచ్చాయని రాసేసుకునేవాళ్ళు ఉన్నారు. గది వేడికి తెచ్చి, మందు పోసి, కదలిక ఆగాక కడిగి మంచినీళ్ళలో వేసి మళ్ళీ చూడు. తిరిగి కదిలితే అది పక్షవాతం, చావు కాదు. పక్షవాతమైనా పనికొస్తుంది, లెవామిసోల్ అనే నట్టల మందు చేసేది అదే, పట్టు వదిలేసిన పురుగును పేగు బయటికి తోసేస్తుంది. కానీ ఏది ఏదో నోట్‌బుక్‌లో విడివిడిగా రాయి.

ల్యాబుల్లో పెంచే చిన్న నులిపురుగు సీ ఎలిగన్స్ వద్దని అనను. చవక, మూడు రోజుల్లో తరం మారుతుంది, మందు ఎక్కడ తగులుతోందో తెలుసుకోడానికి దాన్ని మించింది లేదు. మోనెపాంటెల్ అనే గొర్రెల నట్టల మందు పురుగు ఒంట్లో పట్టుకునే చోటును, అంటే రిసెప్టర్‌ను, పసిగట్టింది జన్యువు మారిన సీ ఎలిగన్స్ పురుగులతోనే. కాకపోతే అది మట్టిలో బ్యాక్టీరియా తిని బతికేది, దాన్ని జల్లెడగా వాడుకో, తీర్పు మాత్రం దాని చేత చెప్పించొద్దు.

ఇప్పుడు అసలు మాట. పురుగు ఒంట్లో ఎక్కడుంటుందో అక్కడికి మందు చేరాలి, చాలినంతసేపు ఉండాలి, ఒంటికి హాని చెయ్యకూడదు. ఈ మూడూ ల్యాబులో గాజుపళ్ళెం చెప్పలేదు. మన భీమవరం మనిషి ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లేలో పరిశోధన నడిపినప్పుడు 1947లో బోదకాలు మందు డీఈసీ వచ్చింది. చిత్రమేమంటే గాజుపళ్ళెంలో మైక్రోఫైలేరియాలకు, అంటే బోదకాలు పురుగు పిల్లలకు, దానితో పెద్దగా ఏమీ కాదు. ఒంట్లోకి పోతే మాత్రం రక్తంలోంచి మాయమవుతాయి. పళ్ళెం మీదే ఆధారపడుంటే ఆ మందు చెత్తబుట్టలోకి పోయేది. ఇంకో పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ కథ కూడా అలాంటిదే. జపాన్‌లో ఒమురా మట్టిలోంచి తీసిన సూక్ష్మజీవిని అమెరికాలో మెర్క్ కంపెనీ శాస్త్రవేత్త క్యాంప్‌బెల్ వాళ్ళకు పంపిస్తే, వాళ్ళు దాన్ని పెంచిన ద్రవాన్ని నేరుగా పురుగులున్న ఎలుకల మేతలో కలిపారు. పురుగు పోయిందా, ఎలుక బతికిందా, రెండూ ఒకే దెబ్బకు తేలిపోయాయి. 2015లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అందుకే మొదటి ఏడాదిలోనే జంతువు మీద పరీక్షకు ఎథిక్స్ కమిటీకి అప్లికేషన్ పెట్టుకో, ఆలస్యం అంతా అక్కడే. మూడో ఏడు దాకా ఆగితే థీసిస్ అక్కడే చిక్కుకుంటుంది, టెన్షన్ నీకూ మాకూ.

మనుషుల మందు చేస్తా, గొర్రెలవి కాదు అని రాసిన వాక్యం చదివి నవ్వొచ్చింది. ఆల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్, మాక్సిడెక్టిన్ అన్నీ పశువుల దగ్గరి నుంచి మనుషులకు వచ్చినవే. నులిపురుగులున్నది పేదోళ్ళ పిల్లలకు, వాళ్ళకోసం ఏ కంపెనీ కోట్లు పెట్టదు, పశువుల మందుకైతే మార్కెట్ ఉంది. పిల్లుల మందుగా ఉన్న ఎమోడెప్సైడ్‌ను టాంజానియాలోని పెంబా దీవిలో మనుషులకు ఇచ్చి చూస్తే కొరడా పురుగు మీద బాగా పనిచేసిందని 2023లో వచ్చింది. కొరడా పురుగు మీద ఎందుకంత ఆశ అంటే, అది తలను పెద్దపేగు పొరలో గుచ్చుకుని కూర్చుంటుంది, బడిలో పిల్లలకు ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్క మాత్రకు అది సరిగా లొంగదు. మళ్ళీ ఎక్కడుంది అన్న ప్రశ్నే చూడు. ఇక బద్దెపురుగు పిల్ల మెదడులో చేరిన కేసుల్లో మందు అక్కడిదాకా పోవాలి, పోయి చంపితే వాపొచ్చి ఫిట్స్ పెరగొచ్చు, అందుకే డాక్టర్లు స్టెరాయిడ్ తోడిస్తారు. చంపడమే గొప్ప అనుకోకు.

లొంగని పురుగును కూడా నీ ల్యాబ్‌లో పెట్టుకో. మోనెపాంటెల్ 2009లో న్యూజిలాండ్‌లో మార్కెట్‌కొచ్చింది, నాలుగైదేళ్ళు తిరక్కుండానే అక్కడే ఒక ఫామ్‌లో దానికి లొంగని పురుగులు తేలాయి. మన దగ్గరా కాపరి గొర్రె బరువు కంటితో చూసి మందు పోస్తాడు, తక్కువ పడుతుంది, చావకుండా మిగిలినవే పెరుగుతాయి. ఆల్బెండజోల్‌కు లొంగని మంద దొరికితే, మందుకు ముందు, రెండు వారాల తర్వాత గుడ్లు లెక్కపెట్టి నిర్ధారించుకుని ఆ పురుగును పెంచు. నీ అణువు దాన్ని కూడా పడగొడితేనే కొత్త దారి దొరికినట్టు, పడగొట్టకపోతే పాత మందే ఇంకో పేరుతో దొరికిందేమో చూసుకో.

చెట్ల మాటకొస్తే, ఊరికే కొండెక్కి కోసుకొచ్చే పని పెట్టుకోకు. అటవీ శాఖ అనుమతి, జీవవైవిధ్య చట్టం కింద కావాల్సిన కాగితాలు ముందు చూసుకో. మోదుగ గింజలు, వాయువిడంగాలు బజార్లో దొరుకుతాయి కదా అని తెచ్చేసుకుంటే అందులో ఏం కలిసిందో ఎవరికి తెలుసు? నమూనా ఎస్వీ యూనివర్సిటీ బోటనీ వాళ్ళకు చూపించి, పేరు ఖాయం చేయించుకుని, ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో ఒకటి పెట్టించు. ఏ నెలలో, ఎక్కడ కోశావో రాసుకో, నెల మారితే సారం మారుతుంది.

మీ గైడ్‌ను రెండే రెండు అడుగు. పురుగులు పట్టిన జంతువులను పెట్టుకోడానికి చోటుందా, సారాన్ని విడగొట్టే కెమిస్ట్రీ వాళ్ళతో ఒప్పందం ఉందా. రెండింటికీ "చూద్దాంలే" అంటే సంతకం పెట్టే ముందు నాకు ఫోన్ చెయ్యి. సైన్సు పరిశోధనా సంస్థ ఐసర్‌లోనో మా వెటర్నరీ కాలేజీలోనో కలిసి పనిచేసేవాళ్ళు దొరుకుతారేమో కనుక్కుంటా. ఆదివారం పొద్దున్నే వస్తే కబేళాకు తీసుకెళ్తా, ఒక ఫ్లాస్కు తెచ్చుకో, పురుగులు చల్లబడితే పనికిరావు.

మీ మామయ్య