పాడ్‌కాస్టుల కార్నర్ పెడుతున్న మా బిడ్డకి

బిడ్డా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది, మీ బ్రాంచి లైబ్రరీలో పాడ్‌కాస్టుల కార్నర్ పెడుతున్నావంట, ఫోన్లో ఎప్పుడంటే అప్పుడు వినే ఆ షోలకి ఒక్కోదానికి ఒక కార్డు రాసి పెడతావంట, పైఆఫీసు కూడా సరే అందంట. సంతోషం సగం, భయం సగం, ఇంక నాకు నిద్రెక్కడిది. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకొచ్చింది నువ్వొక్కదానివే కదా. పొడుగ్గా ఉందని దాటేయకుండా మొత్తం చదువు.

చిన్నవి ముందు చెప్పేస్తా. ఇయర్‌ఫోన్లు ఎవరివి వాళ్లనే తెచ్చుకోమను. వైఫై ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుంటే బస్సులో డేటా ఖర్చవదని చూపించు. కార్డు మీద షో పేరు, చేసేవాళ్ల పేరు రాయి, యాప్ పేరు మీద ఆధారపడకు. గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024లో మూతపడింది, దాన్నే నమ్ముకున్నవాళ్లు లిస్టులన్నీ వేరే చోటికి మార్చుకోవాల్సొచ్చింది. పేరు తెలిస్తే చాలు, మామూలుగా ఒకే షో చాలా యాప్‌లలో దొరుకుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. 90ల్లో నేను పనిచేసిన ఒక లైబ్రరీకి, పేరెందుకులే, క్యాసెట్లొచ్చాయి. పద్యాలు, కథలు, పెద్దపెద్దవాళ్ల ఉపన్యాసాలు. మా పెద్దసారు అన్నీ రిజిస్టర్‌లో ఎక్కించి, నంబర్లేయించి, అద్దాల బీరువాలో సర్దించి తాళమేశారు. పైన 'శ్రవ్య విభాగం' అని బోర్డు రాయించారు, కొబ్బరికాయ కొట్టారు, ఫొటో దిగారు, అంతే. టేప్‌రికార్డర్ ఆయన గదిలోనే ఉండేది. తాళంచెవి నాకివ్వండి సార్ నేను చూసుకుంటా అంటే, పోతే ఎవరు కట్టాలమ్మా, అడిగినవాళ్లకి ఇద్దాంలే అనేవారు. లోపలేముందో తెలీకుండా ఎవరైనా ఏమని అడుగుతారు చెప్పు.

అక్కడికి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు రోజూ పొద్దున్నే వచ్చేవారు. చూపు బాగా తగ్గిపోయింది. పేపర్ చదివే కుర్రాళ్ల పక్కన కూర్చుని, హెడ్డింగులన్నా చదివి పెట్టు బాబూ అని అడిగేవారు, వాళ్లకేమో పరీక్షల తొందర, నాలుగు లైన్లు చదివి లేచిపోయేవాళ్లు. ఆయన కూర్చునే కుర్చీ సరిగ్గా ఆ బీరువాకెదురుగా ఉండేది. ఆ క్యాసెట్లు ఎవరికి అవసరమో ఆయనే ఆ బోర్డు చదవలేరు. కొన్నాళ్లకి కొడుకొచ్చి, నాన్న ఇంక రారమ్మా అని మెంబర్‌షిప్ కార్డు వాపసిచ్చి డిపాజిట్ తీసుకెళ్లాడు. తర్వాతెప్పుడో ఆడిట్‌కి బీరువా తెరిస్తే టేపుల అంచుల్లో తెల్లగా బూజు పట్టుంది, ఒక్కటీ తిరగలేదు.

అందుకే బిడ్డా, బోర్డు కట్టగానే పనైపోయిందనుకోకు. లైబ్రరీ ఎలా నడవాలో రంగనాథన్ గారు రాసిన సూత్రాలు నీకు నేను చెప్పక్కర్లేదు, 1931 నుంచీ చదువుతూనే ఉన్నాం, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. పాడ్‌కాస్టుకీ అదే వర్తిస్తుంది. మా చిన్నప్పుడు ఆకాశవాణిలో బాలానందం వస్తుంటే రేడియో పక్కన చోటుకోసం మీ అమ్మా నేనూ జుట్లు పట్టుకునేవాళ్లం, అప్పుడు వెతుక్కునే పనేముంది, వచ్చిందే వినేవాళ్లం. ఇప్పుడు లక్షల షోలున్నాయి, కొత్తగా వినేవాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. నువ్వు మధ్యలో నిలబడాలి. కౌంటర్ వెనకాల్నుంచి లేచి మనిషి దగ్గరికెళ్లి అడుగు, ఏం చదువుతారు, ఎప్పుడు ఖాళీ దొరుకుతుంది, తెలుగులో కావాలా ఇంకే భాషైనా పర్లేదా. ఎల్‌బీ నగర్‌లో ఎక్కి మియాపూర్‌లో దిగేవాళ్లకి మెట్రోలో గంట దగ్గర టైముంటుంది, వాళ్లకి పెద్ద ఇంటర్వ్యూ ఇవ్వొచ్చు. వంటింట్లో పని చేసుకుంటూ వినేవాళ్లకి కథలివ్వు, హర్షణీయం పాడ్‌కాస్టులో మంచి తెలుగు కథలున్నాయి. పది షోల లిస్టు చేతిలో పెట్టకు, ఒక్క ఎపిసోడ్ చెప్పు, అక్కడే ప్లే చేసి రెండు నిమిషాలు వినిపించు. మళ్లీ వచ్చినప్పుడు ఎలా ఉందని అడుగు, నచ్చలేదంటే ఎందుకు నచ్చలేదో అడుగు, గొంతు నచ్చలేదా, సోది ఎక్కువైందా. రెండోది అప్పుడు సరిగ్గా తగులుతుంది.

కార్డులు కూడా నీ టేబుల్ మీద కుప్ప పెట్టకు, ర్యాకుల్లో పుస్తకాల మధ్యలో పెట్టు. పిల్లల పెంపకం పుస్తకాల దగ్గర, దత్తత గురించి సునో ఇండియా వాళ్లు చేసిన డియర్ పరి కార్డుండాలి. భాష, ఎన్ని నిమిషాలు, ఏ ఎపిసోడ్‌తో మొదలుపెట్టాలి, ఇవి పెద్దక్షరాల్లో రాయి. చూపు తగ్గినవాళ్లు మీ దగ్గరికి ఎవరొస్తారో మొదటి వారమే కనుక్కో. వాళ్ల ఫోన్లో తెర మీదున్నది పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఎలా ఆన్ చేయాలో నువ్వు ముందు నేర్చుకో, ఇది మాత్రం వాయిదా వేస్తే ఊరుకోను.

ఇంకొకటి నన్ను తినేస్తోంది, స్కాన్ చేస్తే షో తెరుచుకోడానికి నువ్వు పెట్టే ఆ క్యూఆర్ కోడ్లు. మన సిటీలో పెద్దవాళ్లకి ఫోన్లో డబ్బులు పోయిన కథలు రోజూ వింటున్నాం. నీ కోడ్ మీద ఇంకొకడు వాడి స్టిక్కర్ అంటిస్తే? అద్దం కింద పెట్టు, రోజూ తలుపు తీయగానే నీ ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకో. వినడానికి పిన్ను గానీ ఓటీపీ గానీ అక్కర్లేదని ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పు, ఏదన్నా తేడా వస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమను. లైబ్రరీలో చెప్పారు కదా అనే ధైర్యంతోనే వాళ్లు నొక్కుతారు, ఆ నమ్మకం పోతే మళ్లీ రాదు. ఆరోగ్యం, షేర్ మార్కెట్ షోలకి కూడా అంతే, పూర్తిగా వినకుండా కార్డు రాయకు. నువ్వు డబుల్ స్పీడ్‌లో పెట్టి వింటావని నాకు తెలుసు, వీటికి మాత్రం ఆ పని చేయకు, మాట్లాడేది డాక్టరా, దేన్నైనా అమ్ముకునేవాడా చూడు.

కోప్పడ్డాననుకోకు తల్లీ. నీ వయసులో నాకు తాళంచెవి ఇవ్వలేదు, నీకిచ్చారు, అదే నా సంతోషం. శుక్రవారం సెలవేగా నీకు, రాసిన కార్డులన్నీ పట్టుకుని పొద్దున్నే వచ్చేయ్. పప్పూ పచ్చిపులుసూ చేస్తా. మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని వింటే, ఏ షోలో గబగబా మాట్లాడేస్తున్నారో, మా వయసువాళ్లకి ఏది అందదో నేను చెప్తా, అవి పక్కన పెట్టేద్దువు.

మీ పెద్దమ్మ