ముక్క లేని కూర, మోగే ట్రంపెట్

పోయిన సంచికలో ఎవరో మంచి యానిమే (జపాన్ బొమ్మల సీరియల్) ఒకటి చెప్పమంటే ‘కౌబాయ్ బీబాప్’ అని ఒక్క మాట రాసి ఊరుకున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే, కొన్ని మెచ్చుకోళ్లు, ఎక్కువ ఫిర్యాదులు. కాబట్టి ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. మీరు రాసింది చూసి మొదలుపెట్టాడు. రోజూ రాత్రి అన్నం పళ్లెం పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు, లోపల్నుంచి ఒకటే బాకా మోత. బొమ్మల సీరియల్లో పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఏముంటుందండీ? — ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, ముందు ఆ బాకా మోతకి నన్ను క్షమించాలి. అది ట్రంపెట్, దాని పక్కన శాక్సఫోన్ కూడా ఉంటుంది. అయినా రాత్రి పదకొండింటికి గోడ అవతల్నుంచి వింటే ఏదైనా బాకాయే, ఒప్పుకుంటాను.

బొమ్మలదే గానీ ఇది పిల్లలది కాదు. 1998లో జపాన్‌లో సన్‌రైజ్ అనే స్టూడియో తీసింది, దర్శకుడు షినిచిరో వతనబే, మొత్తం 26 భాగాలు. కథ 2071లో జరుగుతుంది. అంతకు యాభై ఏళ్ల ముందు, గ్రహాల మధ్య వేగంగా తిరగడానికి అంతరిక్షంలో కట్టిన ద్వారం ఒకటి పేలి చంద్రుడు ఓ పక్క పగిలిపోతాడు, ఆ రాళ్లు ఇంకా భూమ్మీద పడుతూనే ఉంటాయి, అందుకని జనంలో చాలామంది అంగారకుడి మీదకీ, గురుగ్రహం చుట్టూ తిరిగే గానిమీడ్, కాలిస్టో లాంటి చోట్లకీ వలసపోయి ఉంటారు. పోలీసులు చాలరు. నేరం చేసినవాడి తల మీద వెల కడతారు, ప్రాణాలతో పట్టి అప్పగించినవాడికి ఆ డబ్బు. అలా పట్టేవాళ్లనే కౌబాయ్‌లంటారు. మన కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది 1971లో, సరిగ్గా వందేళ్లకి గుర్రాలు పోయి ఓడలొచ్చాయన్నమాట (ఈ లెక్క నాది, జపాన్ వాళ్లకి ఏ సంబంధమూ లేదు).

బీబాప్ అనేది వీళ్లుండే ఓడ. పెద్ద యుద్ధనౌకేం కాదు, పాత చేపలు పట్టే ఓడకి మార్పులు చేయించుకున్నది. దాని యజమాని జెట్ ఒకప్పుడు పోలీసు, ఒక చెయ్యి లోహంది, బోన్సాయ్ మొక్కలు పెంచుతాడు, వంట అతనే. స్పైక్ ఒకప్పుడు గ్యాంగులో పనిచేసి బయటపడ్డవాడు. ఫే అనే అమ్మాయి మెడదాకా అప్పుల్లో ఉండి కూడా జూదం మానదు. తర్వాత చెప్పుల్లేకుండా తిరిగే ఎడ్ అనే పిల్ల చేరుతుంది, కంప్యూటర్లంటే ఆ పిల్లకి మంచినీళ్లు. ఐన్ అని ఒక కుక్క కూడా ఉంది, అందరికంటే తెలివైంది అదే, ఆ సంగతి ఓడలో ఎవరూ పట్టించుకోరు.

మొదటి భాగంలో జెట్ ప్రేమగా క్యాప్సికమ్, బీఫ్ కలిపి వేపుడు చేశానంటాడు. స్పైక్ గిన్నెలో వెతుకుతాడు. ముక్క లేదు. ముక్క లేకపోతే దాన్ని ఆ పేరుతో ఎలా పిలుస్తావని ఇతను, డబ్బుల్లేనప్పుడు అలాగే పిలుస్తారని అతను. అంతకుముందు పట్టినవాడి మీద వచ్చిన డబ్బేమైందంటే పట్టేటప్పుడు స్పైక్ పగలగొట్టినవాటికి పరిహారం కింద పోయింది. అమీర్‌పేట హాస్టళ్లలో నెలాఖరున ముక్క లేని బిర్యానీ తిని ‘బిర్యానీ తిన్నాం రా’ అని ఇంటికి ఫోన్ చేసి చెప్పినవాళ్లెవరికైనా ఆ సీను దగ్గరే ఈ సీరియల్ అంటుకుంటుంది. నాకు అక్కడే అంటుకుంది.

అందరూ దీని గురించి స్టైల్ స్టైల్ అంటారు, నిజమే, స్పైక్ జేబుల్లో చేతులు పెట్టుకుని మెట్లు దిగినా చూడబుద్ధేస్తుంది. కానీ గమనిస్తే 26 భాగాల్లోనూ దాదాపు అదే నీలం సూటు. ఫ్రిజ్ ఖాళీ, ఇంధనానికి డబ్బుండదు, సోఫా పాతది. నా మటుకు నాకు దీని అందమంతా ఇక్కడే ఉంది: వీళ్లు ఎవరూ తమ బాధ ఒకరితో ఒకరు చెప్పుకోరు, ఒకే బల్ల దగ్గర తింటారు, పోట్లాడుకుంటారు, లోపలిది మాత్రం బయటికి రాదు, దాన్ని సంగీతం చెప్తుంది. అయిదో భాగం చివర పాత చర్చిలో స్పైక్ కిటికీ అద్దం పగిలి కింద పడతాడు, ఆ పడేంతసేపూ పిల్లల గొంతుల్లాంటి మెత్తటి కోరస్ వినపడుతూ అతని గతం ముక్కలు ముక్కలుగా కళ్ల ముందు వెళ్లిపోతుంది. అతనికి ఏం జరిగిందో ఎవరూ విడమరిచి చెప్పరు. మీకు అర్థమైపోతుంది.

మీకో సలహా ఇస్తాను, మందలించినట్టు అనుకోకండి. 18వ భాగం మీ అబ్బాయి పక్కన కూర్చుని చూడండి. ఫే పేరు మీద డబ్బు కట్టి తీసుకోవాల్సిన పార్సెల్ ఒకటొస్తుంది, విప్పితే పాతకాలం బీటామాక్స్ వీడియో క్యాసెట్. 2071లో దాన్ని ఆడించే మిషను ఎక్కడ దొరుకుతుంది? దానికోసం స్పైక్, జెట్ భూమికి దిగి, పాడుబడ్డ నేలమాళిగలో తవ్వి, చచ్చీ చెడీ మోసుకొస్తే అది వీహెచ్ఎస్ అనే వేరే రకం మిషను, ఆ క్యాసెట్ అందులో పట్టదు. మన ఇళ్లలో అటక మీద పెళ్లి క్యాసెట్లున్నవాళ్లకి ఈ కష్టం చెప్పక్కర్లేదు. ఆ క్యాసెట్లో ఏముందో నేను రాయను, పక్కన ఒక చేతిరుమాలు మాత్రం పెట్టుకోండి. వీలైతే 11వది కూడా చూడండి, ఏడాది కిందట ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయిన పదార్థం ఏమవుతుందనేది కథ, అది చూశాక అబ్బాయి మీ ఫ్రిజ్ తనే శుభ్రం చేసే అవకాశముంది.

ప్రశ్న: అయిదు భాగాలు ఓపిగ్గా చూశా సార్. కథ కదలట్లేదు. ఒకణ్ణి తరమడం, వాడు చేజారిపోవడం, వీళ్లు ఆకలితో పడుకోవడం. దీనికి ఇంత పేరేంటి? — ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: కథ కదలదు, కరెక్టే. స్పైక్ గతం గురించిన అసలు కథ అంతా కలిపితే అయిదారు భాగాలకి మించదు, మిగతావన్నీ విడివిడి కథలు. మీరు వీకెండ్‌లో ఒక్క ఊపున లాగించేద్దామని కూర్చున్నారని నా అనుమానం. ఇది ఆ రకం కాదు. దీన్ని తీసినవాళ్లు భాగాల్ని ఎపిసోడ్ అనలేదు, సెషన్ అన్నారు, నలుగురు వాయిద్యగాళ్లు ఓ రాత్రి కూర్చుని వాయించుకునేదాన్ని అలా అంటారు. బీబాప్ అనే మాట కూడా అక్కడిదే: 1940ల్లో న్యూయార్క్‌లో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ లాంటివాళ్లు డాన్సుల కోసం వాయించే పెద్ద బ్యాండ్ పద్ధతి పక్కన పెట్టి, చిన్న గుంపుగా, మహా వేగంగా, అప్పటికప్పుడు పుట్టించుకుంటూ వాయించిన జాజ్. మన కచేరీలో కల్పనస్వరాల దగ్గర విద్వాంసుడు పల్లవి వదిలి ఎక్కడెక్కడో తిరిగొస్తుంటే ‘పాట ముందుకెళ్లట్లేదే’ అని గడియారం చూసుకోం కదా. రాత్రికి ఒకటి చూడండి, చాలు. పదో భాగానికల్లా కూడా ఎక్కకపోతే వదిలేయండి, నేనేం అనుకోను. నచ్చనివాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

ప్రశ్న: నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాను. మొదట్లో వచ్చే ఆ బిట్ నేర్చుకుందామని కూర్చుని చేతులెత్తేశాను. జాజ్, బ్లూస్, రాక్, కోరస్, ఇన్ని రకాలు ఒక్కరే చేశారంటే నమ్మకం కుదరట్లేదు. — చిక్కడపల్లి

జవాబు: ఒక్కరే. యోకో కాన్నో అనే ఆవిడ. వాయించింది సీట్‌బెల్ట్స్ అనే బృందం, ఈ సీరియల్ కోసమే ఆవిడ పోగుచేసింది. మీరు చేతులెత్తేసిన బిట్ పేరు ‘ట్యాంక్!’, మాటలు మొదట్లో కొంచెం ఉంటాయి, ఆ తర్వాతంతా బ్రాస్, బాంగో, బేస్. సిగ్గుపడకండి, అది కీబోర్డు మీద ఒక్క మనిషి లాగగలిగేది కాదు, నలుగురు ఊదేవాళ్లుండాలి. మన బ్యాండు మేళంలో మంచి ట్రంపెట్ వాళ్లున్నారు, వాళ్లతో కలిసి ప్రయత్నించండి. బరాత్‌లో అది మోగితే గుర్రం మీదున్న పెళ్లికొడుకు దిగి మరీ ఎగురుతాడు.

మీకు ఇంకో సంగతి నచ్చుతుంది. మన దగ్గర సినిమా పాటలకి సిట్టింగ్ వేసి ముందు బాణీ కడతారు, రీరికార్డింగ్ మాత్రం సినిమా అంతా ఎడిటింగ్ అయ్యాక తెర మీద బొమ్మ చూస్తూ చేస్తారు. ఇక్కడ కాన్నో చాలాచోట్ల అడగని ట్యూన్లు కూడా తనంతట తను చేసి ఇచ్చేసేది, వతనబే అవి విని, వాటికి తగ్గ సీన్లు పుట్టించేవాడు. అంటే రీరికార్డింగ్ ముందు, సీను తర్వాత! ఇది తెలిశాక మళ్లీ చూస్తే కొన్నిచోట్ల బొమ్మే పాటకి తాళం వేస్తున్నట్టుంటుంది, పోట్లాటలో దెబ్బ పడటం, ఓడ మలుపు తిరగడం అన్నీ లయలో ఉంటాయి. మై యమనే పాడిన ముగింపు పాట ‘ద రియల్ ఫోక్ బ్లూస్’ని కూడా దాటేయకండి, ఓటీటీలో తర్వాతి భాగానికి తోసేసే బటన్ వస్తుంది, దాన్ని నొక్కడం పాపం.

ఇంత చేసినా మొదట్లో దీన్ని సరిగ్గా చూపించలేదు. 1998 ఏప్రిల్‌లో టీవీ టోక్యోలో మొదలై, జూన్‌కల్లా పన్నెండు కథలూ, పాత సీన్లు అతికించిన ఒక భాగంతో ముగించేశారు. మొత్తం 26 ఆ అక్టోబర్ నుంచి వౌవౌ అనే ఛానల్లో వచ్చాయి. అసలు దీని పుట్టుకే బందాయ్ అనే జపాన్ కంపెనీ ఆటబొమ్మల వ్యాపారంలో ఉంది. ఓడలుంటే చాలు, ఆ బొమ్మలు అమ్ముకుంటాం, నీ ఇష్టమొచ్చినట్టు తీసుకో అని దర్శకుడికి వదిలేశారు. తీరా చూస్తే చిన్నపిల్లలు కొనుక్కునేవేం కనపడక ఆటబొమ్మల విభాగం తప్పుకుంది, బందాయ్ వాళ్లదే వీడియో సంస్థ ఒకటి ముందుకొచ్చి నిలబెట్టింది.

ప్రశ్న: నెట్‌ఫ్లిక్స్‌లో మనుషులతో తీసింది చూస్తే సరిపోతుందా? — ఎల్బీ నగర్

జవాబు: సరిపోదు. 2021 నవంబర్‌లో పది భాగాలు వచ్చాయి, మూడు వారాలు తిరక్కుండానే రెండో సీజన్ లేదనేశారు. స్పైక్‌గా జాన్ చో బాగానే చేశాడు పాపం, సంగీతం కూడా కాన్నోదే. బొమ్మల్లో స్పైక్ ఏమీ మాట్లాడకుండా సిగరెట్ వెలిగించుకునే చోట వీళ్లు డైలాగులు పెట్టారు, నాకు అక్కడ పోయింది.

ప్రశ్న: సినిమా కూడా ఉందట, ముందు అది చూడాలా? జపనీస్‌లోనా, ఇంగ్లిష్‌లోనా? — కూకట్‌పల్లి

జవాబు: సినిమా 2001లో వచ్చింది. కథ ప్రకారం 22, 23 భాగాల మధ్యలో జరుగుతుంది, అక్కడ ఆపి చూస్తే మంచిది. జపనీస్‌లో స్పైక్ గొంతు కొయిచి యమదెర, ఇంగ్లిష్‌లో స్టీవ్ బ్లమ్. మామూలుగా డబ్బింగంటే ముఖం చిట్లించే నేను కూడా దీన్ని మాత్రం ఇంగ్లిష్‌లో హాయిగా చూస్తాను.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. కుక్క బావుందని అడుగుతోంది. — సైనిక్‌పురి

జవాబు: వద్దండి. తుపాకులు, మత్తుమందులు, నెత్తురు, ప్రతి ఐదు నిమిషాలకీ సిగరెట్. 20వ భాగం ఒక్కణ్ణే ఉన్నప్పుడు నన్నే భయపెట్టింది. ఐన్ కోర్గీ జాతి కుక్క, పాపకి ఫొటో చూపించండి.

ప్రశ్న: అన్నా, ఇంతకీ మీరు దీన్ని ఎప్పుడు, ఎక్కడ చూశారు? — అమీర్‌పేట హాస్టల్ నుంచి ఒకడు

జవాబు: నువ్వున్న చోటే తమ్ముడూ. కోర్సు నేర్చుకోవడానికొచ్చి, ముగ్గురం ఒక గదిలో, పెద్ద డబ్బా మానిటర్ మీద. కోఠిలో ఒక షాపులో సీడీకి నాలుగు భాగాల చొప్పున ఏడు సీడీలు కొన్నాం, తలా కాస్త వేసుకుని. అందులో అయిదోది గీతలు పడి అస్సలు ఆడలేదు. మార్చమని వెళ్తే ఆయన కవరు చూసి, లోపలున్నది చూడకుండా ఇంకోటిచ్చి పంపాడు, గదికొచ్చి పెడితే వెంకటేశ్వర సుప్రభాతం. మళ్లీ బస్సు ఛార్జీలు దండగని ఊరుకున్నాం. రూమ్‌మేట్ వాళ్లమ్మ ఊర్నుంచి వచ్చినప్పుడు అదే పెట్టాం, ఆవిడ చాలా సంతోషించింది.

అలా 17 నుంచి 20 దాకా చూడకుండానే చివరిది చూసేశాను, చూశాక ఆ రాత్రి ముగ్గురం బయటికొచ్చి టీ తాగాం, ఎవరం ఏం మాట్లాడలేదు. ఏడేళ్ల తర్వాత, ఉద్యోగం వచ్చి ఇంట్లో నెట్ పెట్టించుకున్నాక ఆ నాలుగూ దొరికాయి. పైన మల్కాజిగిరి అమ్మగారికి చెప్పిన క్యాసెట్ కథ వాటిల్లోదే. చూస్తూ మధ్యలో ఆపి, ఒక రూమ్‌మేట్‌కి ఫోన్ చేశాను. ‘ఆ సుప్రభాతం సీడీ ఇంకా మా అమ్మ దగ్గరే ఉందిరా’ అన్నాడు.