బ్రైట్ బార్ (నున్నగా లాగిన మామూలు ఉక్కు కడ్డీ) చెక్క రౌటర్‌కు షాఫ్ట్‌గా, అంటే బేరింగులు జారే కడ్డీగా, పనికొస్తదా? (మిర్యాలగూడ, తలుపులు చెక్కే మిషన్)

పనికిరాదు. 20 మి.మీ. బార్ చూడ్డానికి నున్నగానే ఉంటది, కానీ మెత్తన. లీనియర్ బేరింగు (కడ్డీ వెంట ముందుకు వెనక్కు జారే బేరింగు) లోని గోళీలు దానిమీద గోరు పెడితే తగిలే చాళ్లు తీస్తయి. ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో పైపొర వేడిచేసి గట్టిపరచడం) చేసి గ్రైండ్ చేసిన షాఫ్టే అడగండి: గట్టిదనం 60 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ గట్టిదనం కొలత) దగ్గర, టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) h6, చిన్న హెచ్, అంటే 20 మి.మీ.కు 13 మైక్రాన్ల (మి.మీ.లో వెయ్యో వంతులు) దాకా తక్కువ ఉండొచ్చు, ఎక్కువ ఉండొద్దు. పరీక్షకు హాక్సా బ్లేడుతో గీస్తే అది కోయకుండ పైన జారిపోవాలె. షాఫ్టు కోయాలంటే కటింగ్ వీల్ (రాపిడితో కోసే చక్రం) వాడాలె.

అసలు చిక్కు పొడవుతోని. రెండు చివర్లే ఆధారమైన మీటరు షాఫ్టు, మధ్యలో 10 కిలోలు పడితే సుమారు 1.3 మి.మీ. వంగుతది. గట్టిపరిచినా వంగుడు అంతే. అర మీటరైతే ఎనిమిదో వంతు. అందుకే తలుపు పొడవు దిక్కు కింద పొడవునా అల్యూమినియం ఆధారమున్న రైలు, ఓపెన్ బేరింగులు (ఆధారానికి తగలకుండ కింద తెరిచి ఉండేవి) వాడండి.