బోరు నీళ్లు పరీక్షించిన ఆరు నెలలు వృథాయేనా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తయ్యాక ఒక స్వచ్ఛంద సంస్థలో ఆరు నెలలు ఇంటర్న్‌గా చేశాను. పదకొండు ఊళ్లలో బోర్ల నీటిమట్టం కొలిచి, ఫ్లోరైడ్ పరీక్షలు చేశాం. ఒక ఊళ్లో దగ్గర దగ్గరగా ఉన్న రెండు బోర్లలో ఒకదానికి లీటరుకు 0.8, రెండోదానికి 2.6 మిల్లీగ్రాములు వస్తే పొరపాటు పడ్డామనుకుని మళ్లీ పరీక్షించాం. అవే అంకెలు వచ్చాయి. దారి ఖర్చులు తప్ప జీతం లేదు. ‘ఇంటింటికీ నల్లా వచ్చింది, ఇక బోరు నీళ్ల పరీక్షలతో ఎవరికి పని?’ అంటున్నారు నాన్న. హైదరాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. ఈ అనుభవం ఎందుకైనా పనికొస్తుందా?

జవాబు: తప్పకుండా పనికొస్తుంది. మీ ఉత్తరంలో ఆ రెండు బోర్ల సంగతి దగ్గర చాలాసేపు ఆగాను. అంకె నమ్మబుద్ధి కాక మళ్లీ పరీక్షించడం ఈ వృత్తికి కావలసిన మొదటి గుణం. మీరు పంపిన బయోడేటాలో మాత్రం ‘నీటి నాణ్యత పరీక్షల్లో పాల్గొన్నాను’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ వాక్యం ఎవరైనా రాయగలరు. దాన్ని తీసేయండి. ఏ నెలల్లో ఎన్ని నమూనాలు పట్టారు, బోరు దగ్గర కిట్‌తో చూసినవాటిలో ఎన్నింటిని ల్యాబ్‌లో, ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌తో సరిచూశారు, రెండింటికీ ఎంత తేడా వచ్చింది అన్నవి రాయండి. ఫ్లోరైడ్ నమూనాను గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో ఎందుకు పడతారో చెప్పగలిగితే, మీరు బోరు దగ్గర నిలబడి పనిచేశారని ఇంటర్వ్యూ చేసేవారికి వెంటనే అర్థమవుతుంది.

ఆ రెండు బోర్లకు అంత తేడా ఎందుకు వచ్చిందో కూడా తెలుసుకోండి. మీ నేల కింద ఉన్నది గ్రానైట్. అందులోని ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. రాతి పగుళ్లలో నీరు ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువ కరుగుతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో మరింత పెరుగుతుంది. పక్కపక్క బోర్లే అయినా వేర్వేరు పగుళ్ల నుంచి, వేర్వేరు లోతుల నుంచి తోడుతుంటే అంకెలు కలవకపోవడంలో వింత లేదు. నీటిమట్టాలు ఎలాగూ మీ దగ్గర ఉన్నాయి. బోర్ల లోతులు రైతులను అడిగి రాసుకుని, అన్నింటినీ ఫ్లోరైడ్ అంకెల పక్కన పెట్టి చూడండి. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ పదకొండు ఊళ్ల పటం గీయండి. సంస్థ అనుమతి తీసుకుని బయోడేటాకు జత చేయండి.

మీ నాన్నగారి సందేహం కొట్టిపారేయదగ్గది కాదు. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన మనుషులను చూసిన జిల్లాకు నది నీళ్లు రావడం చాలా పెద్ద ఊరట. కానీ నల్లా ఆగిన రోజున ఊరు మళ్లీ బోరు దగ్గరికే వెళ్తుంది. నల్లా నీళ్లకూ పరీక్ష కావాలి. క్లోరిన్ మిగిలి ఉందా, దారిలో బ్యాక్టీరియా చేరిందా అన్నది ఎవరో ఒకరు చూడాలి కదా. పల్లెల్లో ఇంటింటికీ నల్లా నీళ్లివ్వడానికి కేంద్రం 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని, అవి తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణానికి తగ్గట్టు ఉండాలని చెప్పింది. ఆ ప్రమాణంలో ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5. పరీక్షించే చేతులు లేకపోతే ఈ అంకెలు కాగితం మీదే ఉండిపోతాయి.

ఇక చదువు. మీలాంటివారు చాలామంది ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం వైపు చూస్తారు. నా సలహా మాత్రం ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. వీలైతే అనలిటికల్ కెమిస్ట్రీ తీసుకోండి. యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా కేంద్ర భూగర్భ జల మండలి సైంటిస్ట్ ‘బి’ (కెమికల్) ఉద్యోగాలు భర్తీ చేస్తుంది. వాటికి కెమిస్ట్రీలోనే పీజీ అడుగుతారు. పర్యావరణ శాస్త్రం చదివితే ఈ తలుపు మూసుకుపోతుంది. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో పీజీ సీటుకు సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

ఇంట్లో డబ్బు ఇప్పుడే అవసరమైతే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల పనితీరు చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న నీటి పరీక్షల ల్యాబ్‌లలో, మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో ప్రయత్నించండి. మొదటి జీతం తక్కువే ఉంటుంది, అది దాచను. జీతం లేని ఇంటర్న్‌షిప్ మాత్రం ఇంకొకటి ఒప్పుకోకండి. సాఫ్ట్‌వేర్ కోర్సు చెడ్డదని నేననను. ఆరు నెలలు ఎండలో బోర్ల వెంట తిరిగి, ఇంకా ఆ పని గురించే అడుగుతున్న మీకు అది సరిపడదని నా నమ్మకం.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. 2.6 వచ్చిన బోరు ఎవరిదో, ఆ ఇంటివారికి ఫలితం చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. చెప్పకపోతే ఈ వారమే వెళ్లండి. ఆ నీళ్లు తాగడానికి, వంటకు వాడవద్దని, ముఖ్యంగా ఎనిమిదేళ్లలోపు పిల్లలకు పట్టవద్దని చెప్పండి. స్నానానికి, బట్టలకు ఫరవాలేదు. కాచితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదని వారికి అర్థమయ్యేలా చెప్పి రండి.