ఆటల పీరియడ్‌కు పీఈటీ లేనప్పుడు

ప్రశ్న: పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) పనిచేస్తున్నాను. మా బడికి పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) లేరు. ఆటల పీరియడ్ వస్తే పిల్లలకు ఒక బంతి ఇచ్చి ఆవరణలోకి వదలడం తప్ప మాకు మరో దారి తెలియదు. ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా అయిన డీఈడీలో ఆరోగ్య, వ్యాయామ విద్య గురించి చదివి పరీక్ష రాశాను గానీ, పిల్లల చేత ఆడించడం ఎవరూ నేర్పలేదు. ఆటల్లో ప్రవేశం లేని నాలాంటివారు ఈ పని చేయగలరా? శిక్షణ ఇస్తే అది ఎలా ఉండాలి?
– ఒక ఉపాధ్యాయిని, చాంద్రాయణగుట్ట

జవాబు: తప్పకుండా చేయగలరు. మీ బడిలోని లోటు చాలా ప్రాథమిక పాఠశాలల్లో ఉన్నదే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆటస్థలం, ఆటవస్తువులు అన్ని బడుల్లోనూ ఉండాలని చెప్పింది గానీ, ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుల ప్రస్తావనను మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకే, అదీ వందమందికి మించి పిల్లలున్న చోటికే పరిమితం చేసింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చూస్తే, ఈ విషయాన్ని పదో తరగతి వరకు తప్పనిసరిగా బోధించాలంటుంది. ఈ రెంటికీ మధ్య మిగిలిన పనంతా ఒకటి నుంచి ఐదు తరగతుల టీచర్ల మీద పడింది.

ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు వాలీబాల్ నిబంధనలతో పెద్దగా పనిలేదు. పరుగెత్తడం, పరుగులో ఆగడం, పక్కకు తిరగడం, కుంటడం, గెంతడం, విసరడం, పట్టుకోవడం, ఒంటికాలిపై నిలవడం – ఈ వయసులో కుదరవలసినవి ఇవే. కేంద్ర ప్రభుత్వ క్రీడా కార్యక్రమం ఖేలో ఇండియా బడి పిల్లలకు నిర్దేశించిన దేహదారుఢ్య పరీక్షల్లో కూడా ఐదు నుంచి ఎనిమిదేళ్ల వారికి ఎత్తు, బరువు కాక, ఒంటికాలిపై నిలవడం, రెండు బిళ్లలను చేత్తో వేగంగా మార్చిమార్చి తాకడం మాత్రమే ఉన్నాయి. వీటిని గమనించడానికి క్రీడాకారులే కానక్కరలేదు. పైగా, ఉదయం ఏమీ తినకుండా వచ్చినదెవరో, మెట్లెక్కితే ఆయాసపడేదెవరో వారానికొకసారి వచ్చే బోధకుడి కంటే మీకే బాగా తెలుసు.

ఇక శిక్షణ సంగతి. గదిలో కుర్చీలు వేసి తెరమీద బొమ్మలు చూపించే శిక్షణ ఈ విషయంలో దండగ అని నా అభిప్రాయం. ఉపాధ్యాయులే ఆవరణలో ఆడి, తర్వాత తమలో తాము పాఠం చెప్పి చూసుకుని, తమ బడుల్లో కొన్ని వారాలు అమలు చేసి, ఎదురైన చిక్కులతో మళ్లీ కలుసుకోవాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. అక్కడ మొదట నేర్పవలసింది, ఏ పిల్లవాడూ ఊరికే నిలబడకుండా అరగంట నడిపించడం. ముప్పైమందికి ఒకే బంతి ఇస్తే బలమైన నలుగురే ఆడతారు. పాతగుడ్డలతో, వార్తాపత్రికలతో ఆరు బంతులు చుట్టి, ఐదుగురేసి జట్లు చేస్తే అందరి చేతులకూ పని దొరుకుతుంది. ఔటైన వారిని పక్కన కూర్చోబెట్టే ఆటలతో మరో చిక్కు ఉంది: ముందుగా ఔటయ్యేది ఎక్కువ సాధన కావలసిన పిల్లలే. ఔటైన వారు పది గెంతులు వేసి తిరిగి ఆటలోకి రావచ్చని నియమం మార్చితే చాలు. ఇరుకు ఆవరణలో తొక్కుడుబిళ్ల, కుంటుడాట చక్కగా సాగుతాయి. కాస్త చోటుంటే గురిచూసి విసరడానికి ఏడుపెంకులాటను మించినది లేదు. ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆటను మొదటి పీరియడ్‌కు మార్చి, నీళ్లు తాగించి మరీ ఆడించండి.

ఆరోగ్య విద్యకు వేరే పాఠం వెతకనక్కరలేదు. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడిగించడం, వారంవారం ఇచ్చే గులాబిరంగు ఐరన్ మాత్ర ఎందుకో పిల్లల భాషలో చెప్పడం, ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్రను నమిలి మింగించడం – ఇవన్నీ పాఠాలే. మన తార్నాకలో 1958 నుంచి జాతీయ పోషకాహార సంస్థ ఉండగా, నగరంలో శిక్షణ పొందే టీచర్లకు ఆహారం గురించి అక్కడి నిపుణుల చేత చెప్పించకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

ప్రథమచికిత్సను మాత్రం చేత్తో చేయించి నేర్పాలి. ముక్కునుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చడం మన అలవాటు. అలా చేస్తే రక్తం గొంతులోకి దిగుతుంది. కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. మూర్ఛ వస్తే తాళంచెవులు పట్టించకుండా, నోట్లో ఏమీ పెట్టకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకింద మెత్తనిదేదైనా ఉంచాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. శాశ్వత దంతం ఊడిపడితే వేరును తాకకుండా పైభాగం పట్టుకుని, పాలలో వేసి, ఆలస్యం చేయకుండా దంతవైద్యుని వద్దకు పంపాలి. పాలపన్నుకు ఇది వర్తించదు.

ప్రశ్న: మా మూడో తరగతిలో ఒక బాబు కాలికి క్యాలిపర్ (కాలికి ఆసరాగా కట్టే పట్టీ) వేసుకుని నడుస్తాడు. ఆటల సమయంలో వాడికి స్కోరు రాసే పని ఇస్తున్నాను. ఇది సరైనదేనా?
– ఒక ఉపాధ్యాయుడు, ఉప్పల్

జవాబు: అప్పుడప్పుడైతే ఫరవాలేదు, ఎప్పుడూ అదే పని అయితే సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వైకల్యమున్న పిల్లలను కూడా లెక్కలోకి తీసుకున్నాయి. వాడి వైద్యులు వద్దన్నదేమిటో తల్లిదండ్రుల ద్వారా ముందు తెలుసుకోండి. మిగిలినదంతా ఆడించవచ్చు. విసరడం, పట్టుకోవడం ఉన్న ఆటల్లో గీతను వాడికి దగ్గరగా గీయండి, లేదా ఒక రౌండ్ అందరూ కూర్చునే ఆడాలని నియమం పెట్టండి.

ప్రశ్న: మా పాప చదివే ప్రైవేటు స్కూల్లో పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేస్తారు. అడిగితే స్థలం లేదంటారు. ఏమి చేయాలి?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: స్థలం లేదన్నది సగమే నిజం, తరగతి గదిలో బెంచీలు జరిపినా ఇరవై నిమిషాలు కదిలించవచ్చు. మరికొందరు తల్లిదండ్రులతో కలిసి, పేరెంట్స్ మీటింగులో టైంటేబుల్ చూపించమని అడిగి, మార్చిన పీరియడ్‌ను ఏ రోజు తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున అరవై నిమిషాల శారీరక శ్రమ అవసరం. దానిని ఒకేసారి పూర్తిచేయాలన్న నియమమేమీ లేదు కనుక, మిగతా సమయాన్ని సాయంత్రం అపార్టుమెంటు కింద ఆడనిచ్చి పూరించండి. ట్యూషన్‌ను అరగంట వెనక్కి జరపవలసి వస్తే జరపండి.